వ్యసనాక్రాంతుడు: యెషయా 53లో ఏ అర్థం?

తెనాలి పాఠకురాలు: యెషయా 53:3లో "వ్యసనాక్రాంతుడుగాను వ్యాధి ననుభవించినవాడుగాను" అని ఉంది కదా. రోగుల దగ్గర ప్రార్థనకు వెళ్తుంటాను. తాగుడుతో కాలేయం చెడిన ఒకాయన ఇది విని "ప్రభువుకూ వ్యసనం ఉండేదా అమ్మా?" అన్నాడు. ఇక్కడ దుఃఖమని అర్థం అన్నాను. కానీ తర్వాతి వచనంలో "మన వ్యసనములను వహించెను" అని చదివాక, ఆయన విన్న అర్థాన్ని కాదనడం న్యాయమా అనిపించింది. పాత ప్రయోగాలు చెప్పగలరా?

నిఘంటుప్రియ: సంస్కృత నిఘంటువు అమరకోశం చూడండి. "వ్యసనం విపది భ్రంశే దోషే కామజకోపజే." ముందు ఆపద, చివర తాగుడు, జూదం. మీరు చెప్పిందే సరి.

కావ్యాభిమాని: అమరంలో వరుస ఛందస్సు కోసం వచ్చింది, ప్రాధాన్యం కోసం కాదు. పైగా ఆపద వేరు, దుఃఖం వేరు. అయోధ్యకాండలో రాముడి గురించి "వ్యసనేషు మనుష్యాణాం భృశం భవతి దుఃఖితః" అంటారు. వ్యసనం జనానిది, దుఃఖం రాముడిది. రెండూ ఒకటే అయితే ఆ శ్లోకంలో అందమే లేదు.

హెబ్రీ విద్యార్థి: హెబ్రీ మూలంలో వ్యసనం ఉన్నచోట మాట "మక్ఓవ్", అంటే నొప్పి. శరీరానికైనా మనసుకైనా చెల్లుతుంది. నాలుగో వచనంలో మన తెలుగు "రోగములను భరించెను" అనడం నాకెంతో ఇష్టం. ఆంగ్ల కింగ్ జేమ్స్ బైబిలులో అది దుఃఖమైంది, పాత గ్రీకు అనువాదమైన సెప్టువజింటులో పాపాలైంది. మత్తయి 8:17 మాత్రం పేతురు అత్తకు జ్వరం వదిలిన సందర్భంలో రోగాలనే అంటుంది. జెరోము లాటిన్ అనువాదంలో అయితే "మొత్తబడినవాడు" ఉన్నచోట కుష్ఠరోగి వంటివాడని ఉంది.

పల్లె పాస్టరు: ఆ నాలుగో వచనంలోనే "మనమతనిని ఎంచితిమి" అన్న క్రియను ఎవరూ పట్టించుకోరేమండీ? దేవుడే బాధించాడని ఎంచింది మనం. రోగిని చూసి ఎవరి పాపమోనని లెక్కకట్టే ఆ అలవాటునే యోహాను 9లో యేసు తోసిపుచ్చాడు. ఐదో వచనంలో "స్వస్థత కలుగుచున్నది" అని చదివి, జబ్బు తగ్గకపోతే విశ్వాసం చాలలేదనేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. పౌలు మూడుసార్లు వేడుకున్నా ఆయన శరీరంలోని ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబే వచ్చింది.

హెబ్రీ విద్యార్థి: ఆ "చున్న" మూలంలో లేదండీ. అక్కడున్న హెబ్రీ మాట "నిర్పా" ముగిసిన క్రియ. 1 పేతురు 2:24లో "నొందితిరి" అనే ఉంది.

కావ్యాభిమాని: లేకపోయినా "చున్న" ఉండాలనే అంటాను. ఇంకా మంచం దిగని మనిషికి "నొందితిరి" అని ఎలా చదువుతాం? కాలం మార్చితే ఎంత బలం వస్తుందో పోతన గజేంద్రమోక్షంలో చూడండి. "మూర్ఛ వచ్చెఁ, దనువున్ డస్సెన్, శ్రమంబయ్యెడిన్." అన్నీ జరిగిపోయినవి, శ్రమ ఒక్కటే ఇంకా జరుగుతోంది. డస్సెన్ అన్నాక మళ్లీ అలసట చెప్పడు కనుక శ్రమ అంటే యాతనే. చర్చిలో శ్రమలు అనేదీ ఆ అర్థంలోనే.

నిఘంటుప్రియ: "అయ్యెడిన్"లోని "ఎడి" భవిష్యత్తుకూ వస్తుంది. మీరు వర్తమానానికే కట్టేస్తున్నారు.

కావ్యాభిమాని: మూర్ఛ వచ్చి, ప్రాణాలు ఠావులు తప్పిన ఏనుగుకు శ్రమ రాబోతోందని పోతన చెబుతాడా! ఒక్క ప్రయోగం చూపండి, ఒప్పుకుంటాను.