హై ఎండ్ బేస్ గిటార్‌కి ఎంత పెట్టాక ఆగాలి?

మంద్రం_41:

ఇప్పుడు వాయిస్తున్నది జాజ్ బేస్ తరహా నాలుగు తీగల పాసివ్ (బ్యాటరీ సర్క్యూట్ లేని) బేస్. 34 అంగుళాల స్కేల్ (తీగ పలికే పొడవు), మరలతో బిగించిన బోల్ట్ ఆన్ నెక్. బ్యాండ్‌తో స్టేజీ మీద, అప్పుడప్పుడు స్టూడియోలో వాడతాను. ఇక ఐదు తీగలకి మారాలి. ఈసారి కొన్నాక చాలా ఏళ్లు మళ్ళీ ఆ ఊసెత్తకూడదు.

ధరలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి, పాత బేస్ కొన్న ధరని 1 అనుకుని చెప్తాను. ముందున్న దారులు మూడు. పెద్ద కంపెనీ పై శ్రేణి మోడల్ కొత్తది 3 అవుతుంది. చిన్న వర్క్‌షాపులో చేతితో చేసినది సెకండ్ హ్యాండ్‌లో 5కి దొరుకుతోంది. అదే వర్క్‌షాపులో కొలతలిచ్చి కొత్తగా చేయించుకుంటే 8. ఎనిమిదీ పెట్టగలను, కానీ ఆ తర్వాత చేతిలో ఏమీ మిగలదు.

3కీ 8కీ తేడా వేళ్లకీ చెవికీ నిజంగా తెలుస్తుందా, లేక చెక్క అందానికీ పేరుకీ పోతుందా? "నీ చెవికి నచ్చింది కొనుక్కో" అని వదిలేయకుండా, డబ్బు ఎక్కడెక్కడికి వెళ్తుందో విడమరిచి చెప్పగలరా?

ఫ్రెట్_మిస్త్రీ:

ధర సంగతి తర్వాత. ముందు ఉన్న బేస్‌ని పూర్తిగా సెటప్ చేయించండి. పాత తీగలతో, యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) పైకి లేచిపోయిన బేస్‌ని ఇంట్లో పెట్టుకుని, కొత్త తీగలేసి సిద్ధంగా ఉంచిన ఖరీదైన బేస్‌ని వాయిస్తే ప్రతిసారీ ఖరీదైనదే గెలుస్తుంది. అప్పుడు మీరు డబ్బు పోసి కొనేది మంచి సెటప్‌ని మాత్రమే.

కొలతలు ఇవి. కొత్త 45-105 (మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) నికెల్ తీగలు వేసి ట్యూన్ చేయండి. ఇ తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి పట్టి, 7, 8 ఫ్రెట్ల మీద తీగ అడుగుకీ ఫ్రెట్ తలకీ మధ్య సందు చూడండి. దీన్నే రిలీఫ్ అంటారు, 0.3 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా ఉండాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్ (నెక్ వంపుని సరిచేసే లోపలి కడ్డీ) బిగించాలి. ఒక్కసారికి పావు చుట్టు మించకూడదు. నెక్ సర్దుకోవడానికి కాసేపు వదిలి, మళ్ళీ ట్యూన్ చేసి, మళ్ళీ కొలవాలి. ఆ తర్వాతే బ్రిడ్జ్ దగ్గర ఎత్తు: 17వ ఫ్రెట్ మీద ఇ తీగ 2.4 మిల్లీమీటర్లు, జి తీగ 2.0. చివరగా 12వ ఫ్రెట్ దగ్గర ఇంటొనేషన్, అంటే నొక్కిన స్వరం శ్రుతిలో ఉందో లేదో సరిచూడటం. ఈ వరుస మార్చితే చేసిన పనే మళ్ళీ చేయాల్సి వస్తుంది.

రిలీఫ్ సరిగా ఉండి కూడా ఏదో ఒక్కచోటే బజ్ వస్తుంటే అక్కడ ఫ్రెట్ ఎత్తుగా ఉన్నట్టు. దానికి ఫ్రెట్లన్నీ సమం చేయించడం మందు, కొత్త బేస్ కాదు.

సెటప్‌తో పోని లోపాలు కొన్ని ఉంటాయి. మెలిక తిరిగిన నెక్. బాడీలో కలిసే చోట పైకి లేచిన చివరి ఫ్రెట్లు. బరువు. తీగల మధ్య ఎడం. ఇక డెడ్ స్పాట్: ఎక్కువగా జి తీగ మీద 5 నుంచి 7 ఫ్రెట్ల మధ్య ఒక స్వరం మిగతావాటికన్నా త్వరగా చచ్చిపోతుంది. ఆ స్వరం దగ్గర నెక్ తానే ఊగి తీగ బలాన్ని మింగేస్తుంది. హెడ్‌స్టాక్‌కి (ట్యూనర్లు ఉండే నెక్ చివర) చిన్న క్లాంపు బిగించి చూడండి, బరువు మారితే డెడ్ స్పాట్ జరుగుతుంది. అలా జరిగితే కారణం నెక్కేనని తేలినట్టు.

సెటప్ అయ్యాక కూడా మిగిలిన లోపాలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. కొత్త బేస్ తీర్చాల్సినవి అవే. ఆ కాగితం మీద రెండే ఉంటే 8 దాకా వెళ్లే పనే లేదు.

చెక్క_రంపం:

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తాను. డబ్బు వెళ్లే దారి నేను చెప్తాను.

1 నుంచి 3కి వెళ్తే దొరికేవన్నీ చేతికి తెలుస్తాయి. చేతికి గుచ్చుకోని ఫ్రెట్ అంచులు, వాతావరణం మారినా పెద్దగా కదలని నెక్, జారని ట్యూనర్లు, సరైన లోతుకి కోసిన నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే పట్టీ), లోపలి గుంతలకి హమ్ రాకుండా షీల్డింగ్. ఈ మెట్టు దగ్గర పొదుపు చేయొద్దు.

3 నుంచి 5కి వెళ్తే పని గంటలు పెరుగుతాయి. నెక్‌ని ఒకే చెక్కతో కాకుండా మూడో ఐదో పట్టీలు అతికించి చేస్తారు, లోపల ట్రస్ రాడ్‌కి అటూ ఇటూ కార్బన్ కడ్డీలు పెడతారు. స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రెట్లు వేస్తారు. అవి నికెల్ సిల్వర్ కన్నా చాలా నెమ్మదిగా అరుగుతాయి, కానీ పనిముట్లని అరగదీస్తాయి కాబట్టి కూలీ ఎక్కువ. తేలికైన చెక్క ఏరి పెడతారు. వినేవాళ్లకి ఈ తేడా పెద్దగా తెలియదు, వాయించే మనిషికి మాత్రం రోజూ తెలుస్తుంది.

5 నుంచి 8కి వెళ్లేటప్పుడు డబ్బులో ఎక్కువ భాగం బొమ్మలు తేలిన పై పలకకీ, దానికి జోడైన హెడ్‌స్టాక్ రేకుకీ, పాలిష్‌కీ, మీరు అడిగిన కొలతలకీ పోతుంది. అయిదారు మిల్లీమీటర్ల బర్ల్ మేపుల్ పలక వల్ల శబ్దం మారుతుందంటే నేను నమ్మను. అందం కావాలనుకుంటే కొనండి, అందులో తప్పేమీ లేదు. శబ్దం పద్దులో మాత్రం రాయకండి.

మీరు ఐదు తీగలకి మారుతున్నారు కాబట్టి అసలు విషయం ఇ కన్నా కింద కొత్తగా వచ్చే బి తీగ. ఖాళీ ఇ తీగ 41.2 హెర్ట్జ్, బి తీగ 30.87. అదే పొడవులో అంత కిందికి దిగాలంటే తీగ లావవ్వాలి, మామూలుగా 130 మందం వేస్తారు. లావైతే బిరుసెక్కుతుంది. బిరుసెక్కిన తీగలో పై హార్మోనిక్స్ (మూల స్వరంతో పాటు పలికే పై స్వరాలు) ఉండాల్సిన చోటికన్నా కాస్త పైకి జరుగుతాయి. చెవికి అదే బురదగా, శ్రుతి తేలని శబ్దంగా వినిపిస్తుంది. దీనికి విరుగుడు పొడవు. అదే తీగని అదే స్వరానికి లాగితే బిగువు పొడవు వర్గంతో పెరుగుతుంది. 34 నుంచి 35 అంగుళాలకి వెళ్తే 6 శాతం, డింగ్‌వాల్ అనే బేస్ తయారీ కంపెనీ బి తీగకి వాడే 37 అంగుళాలకి వెళ్తే 18 శాతం ఎక్కువ. అంటే 35 అంగుళాల స్కేల్ ఉన్న 3 ధర బేస్, 34 ఉన్న 8 ధర బేస్ కన్నా మంచి బి ఇవ్వడం జరిగే పనే. స్కేల్ మార్చుకుంటే తీగల పొడవు కూడా చూసుకోవాలి. సన్నబడే పట్టు భాగం నట్ దాటాకే మొదలవ్వాలి, నట్ మీదకొస్తే బి తీగ చచ్చిపోయినట్టు పలుకుతుంది.

ప్రీయాంప్ (బేస్ లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్) పేరు చూసి ఎక్కువ పెట్టకండి. అది ఎప్పుడైనా మార్చుకోగలిగిన భాగం. పేరున్న బేస్ వాద్యకారుడు మార్కస్ మిల్లర్ వాయించే 1977 జాజ్ బేస్ ఫ్యాక్టరీ వాయిద్యమే. దానికి గిటార్ల తయారీదారు రోజర్ సడౌస్కీ ప్రీయాంప్ అమర్చారు. ఆ శబ్దం కోసం కొత్త చెక్క కొనాల్సిన పని రాలేదు.

మూడున్నర_అడుగులు:

ఒక్క మాటకి ఒప్పుకోను. 34లో బి బాగుండదనుకోవద్దు. గట్టి నెక్, నట్ గాడి సరిగ్గా 130కి కోసి ఉండటం, బ్రిడ్జ్ దగ్గర తీగ ఆనే సాడిల్ మీద తీగ గట్టిగా కూర్చోవడం, ఈ మూడూ కుదిరితే 34 చాలు. 35లో మొదటి నాలుగు ఫ్రెట్ల ఎడం పెరుగుతుంది. చెయ్యి చిన్నదైతే రెండు గంటల ప్రదర్శనలో ఆ తేడా మణికట్టుకి తెలుస్తుంది. స్కేల్ అంకె చూసి డబ్బివ్వకండి, అదే బేస్ వాయించి చూశాకే ఇవ్వండి.

లెక్కల_పద్దు:

"8 పెట్టగలను, ఆ తర్వాత ఏమీ మిగలదు" అన్నారంటే, మీ బడ్జెట్ 8 కాదని అర్థం.

బేస్ ధర ఒక్కటే ఖర్చు కాదు. గట్టి కేస్, రవాణా, బయటి దేశం నుంచి వస్తే కస్టమ్స్ సుంకం, వచ్చాక మళ్ళీ సెటప్, రెండు సెట్ల తీగలు, బీమా. సుంకం కాకుండానే మొత్తంలో వందకి 15 వంతులు వీటికి తీసి పక్కన పెట్టండి. తర్వాత క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) చూడండి. చాలా బేస్ క్యాబినెట్లు 40 హెర్ట్జ్ కిందకి వచ్చేసరికి పడిపోతాయి. బి తీగ వాయిస్తే మన చెవికి అందేది ఎక్కువగా 62 హెర్ట్జ్ దగ్గరున్న రెండో హార్మోనిక్. చిన్న క్యాబినెట్ పెట్టుకుని 8 ధర బేస్ కొంటే పెట్టిన డబ్బులో సగం స్పీకర్ దగ్గరే ఆగిపోతుంది.

అసలు ఖర్చు కొన్న ధర కాదు. కొన్న ధరలోంచి, రేపు అమ్మితే వచ్చేది తీసేస్తే మిగిలేదే అసలు ఖర్చు. సెకండ్ హ్యాండ్‌లో మొదటి పెద్ద తరుగు పాత యజమాని భరించేశాడు. జాగ్రత్తగా వాడితే 5కి కొన్నది దాదాపు అంతకే పోవచ్చు. మీ చేతి కొలతలకి, మీరు కోరిన రంగులో చేయించుకున్న 8 ధర బేస్ కొనడానికి మీలాంటి చెయ్యే, మీలాంటి అభిరుచే ఉన్న మనిషి దొరకాలి. ధరలు చూసేటప్పుడు అమ్మకానికి పెట్టిన అంకెలు కాదు, అమ్ముడైపోయిన అంకెలు చూడండి. రెండింటికీ మధ్య చాలా దూరం ఉంటుంది.

పాత బేస్‌ని దేశం దాటించేటప్పుడు ఫింగర్‌బోర్డ్ చెక్క ఏమిటో అడగండి. బ్రెజిలియన్ రోజ్‌వుడ్ 1992 నుంచి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది, కాగితాలు లేకుండా సరిహద్దు దాటితే జప్తు చేస్తారు. మిగతా రోజ్‌వుడ్ జాతుల్ని 2017లో రెండో జాబితాలో చేర్చారు, కానీ తయారైన సంగీత వాయిద్యాలకి 2019లో మినహాయింపు ఇచ్చారు.

మంద్రం_41:

చాలా ఉపయోగపడింది. 8 మనసులోంచి తీసేశాను, 5 వైపు మొగ్గుతున్నాను. ఆ సెకండ్ హ్యాండ్ బేస్‌ని ఒక గంట చూడనిస్తారు. ఏ వరుసలో పరీక్షించాలి? అసలు 8 పెట్టడం ఎవరికి సబబు?

ఫ్రెట్_మిస్త్రీ:

మొదటి పావుగంట యాంప్‌కి కలపొద్దు. బ్రిడ్జ్ వైపు నుంచి ఒక కన్ను మూసి నెక్ పొడవునా చూడండి, రెండు అంచులూ ఒకే తీరుగా వంగి ఉండాలి. ఒకటి అటు, ఒకటి ఇటు పోతే మెలిక, అక్కడితో లేచి వచ్చేయండి. తర్వాత ట్రస్ రాడ్. అమ్మేవాళ్లనే కొంచెం తిప్పి చూపించమనండి. రాడ్ చివరిదాకా బిగిసిపోయి కూడా నెక్ ముందుకి వంగే ఉంటే ఏ ధరకీ వద్దు.

ఫ్రెట్లలో మొదటి ఐదింటి మీద తీగల కింద గుంటలు చూడండి. లోతు తక్కువైతే సమం చేస్తే పోతాయి. ఫ్రెట్లు బాగా చదునైపోయి ఉంటే మొత్తం మార్చాల్సిందే, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. తర్వాత ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్టూ ఒకే బలంతో మీటి, స్వరం ఎంతసేపు నిలుస్తుందో వినండి. ఈ పని విసుగనిపిస్తుంది, కానీ డెడ్ స్పాట్ బయటపడేది ఇక్కడే.

ఆపైన పట్టీ వేసుకుని నిలబడి ఎడమ చెయ్యి వదిలేయండి. నెక్ కిందికి వాలితే ప్రదర్శనంతా ఆ చెయ్యి నెక్‌ని మోస్తూనే ఉండాలి. బరువు తూచండి, 4.5 కిలోలు దాటితే ఆలోచించాల్సిందే.

ఇప్పుడు కేబుల్ పెట్టండి. నాబ్‌లన్నీ చివరిదాకా తిప్పండి. గరగర వస్తే మురికి కావచ్చు, శుభ్రం చేస్తే పోతుంది. పికప్‌లు (తీగ కదలికని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) ఒక్కొక్కటే విని హమ్ చూడండి. ఒక్క సింగిల్ కాయిల్ పికప్ (ఒకే తీగ చుట్ట ఉన్నది) మాత్రమే తెరిచినప్పుడు హమ్ రావడం సహజం, రెండూ సమానంగా తెరిచినా వస్తుంటే వైరింగ్ తేడా కావచ్చు. ప్రీయాంప్‌కి పాసివ్ స్విచ్ ఉంటే బ్యాటరీ తీసేసి అది పనిచేస్తోందో లేదో చూడండి.

చివరి పావుగంట రికార్డింగ్‌కి ఉంచుకోండి. మీ పాత బేస్ తీసుకెళ్లండి, వీలైతే రెండిటికీ ఒకే రకం కొత్త తీగలు ఉండాలి. డీఐ (బేస్‌ని యాంప్ లేకుండా రికార్డింగ్‌కి కలిపే పెట్టె) ద్వారా నేరుగా, ఈక్యూ (టోన్ సర్దుబాటు) తాకకుండా, ఒకే లైన్ రెండింటి మీదా వాయించండి. ఇంటికొచ్చాక రెండు ట్రాకుల బిగ్గరతనం సమం చేయండి. ఇది వదిలేస్తే మిగతాదంతా వృథా, కాస్త గట్టిగా ఉన్నదే బాగుందనిపిస్తుంది. డ్రమ్స్ ట్రాక్ కలిపి, ఏది ఏదో చెప్పకుండా వేరే మనిషిని ప్లే చేయమనండి. గుర్తు పట్టలేకపోతే శబ్దం కోసం 5 పెట్టనక్కర్లేదు. బి తీగ కోసం, నెక్ కోసం పెట్టడం వేరే లెక్క.

ఐదో_తీగ:

8 ఎవరికి సబబు అన్నదానికి నా సమాధానం: ఫ్యాక్టరీలో లేని వస్తువు కావాల్సిన వాళ్లకి. 1970ల్లో బేస్ వాద్యకారుడు ఆంథొనీ జాక్సన్ కింద బి నుంచి పైన సి దాకా ఆరు తీగల బేస్ కోరుకున్నారు. అలాంటిది మార్కెట్లో దొరికేది కాదు, అందుకే వాయిద్యాల తయారీదారు కార్ల్ థాంప్సన్ చేత చేయించుకున్నారు. ఎడమచేతి వాటం, భుజం నొప్పి, బ్రిడ్జ్ దగ్గర మామూలు 19 మిల్లీమీటర్లకి బదులు 16.5 ఎడం కావాల్సిన చెయ్యి, ఇలాంటివి ఉంటే కొలతలిచ్చి చేయించుకోవడం విలాసం కాదు, అవసరం.

ఎప్పుడైనా ఆ దారిలో వెళ్తే, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవన్నీ రాతపూర్వకంగా తీసుకోండి: నట్ వెడల్పు, బ్రిడ్జ్ దగ్గర తీగల ఎడం, ఫింగర్‌బోర్డ్ వంపు, ఫ్రెట్ కొలత, ప్రీయాంప్ 9 వోల్టులా 18 వోల్టులా, నెక్‌కి గ్యారంటీ ఎన్నేళ్లు, గడువు దాటితే అడ్వాన్స్ ఏమవుతుంది. అన్నింటికన్నా ముందు బరువు. "తేలికగా చేస్తాం" అన్న మాట చాలదు, గరిష్ఠం 4.2 కిలోలు అని అంకె రాయించండి. పై పలక అతికించాక బరువు తగ్గించాలంటే లోపల ఖాళీలు చెక్కే వీలుండదు.