కోతిపిట్ట, ఎముకల ఓడ, నల్లనీళ్ళు: ఈ కార్టూన్ పేరు ఎవరికైనా తెలుసా? ఆఖరి ఎపిసోడ్ కావాలి

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్తే. పాతికేళ్ళు దాటింది, ఒక కార్టూన్ బుర్రలో ఇరుక్కుపోయి బయటికి రావట్లేదు. పేరు తెలీదు. 1997 ప్రాంతం, నేను ఐదో తరగతి. మేము అద్దెకుండే వాటాలో కేబుల్ లేదు, ఓనర్ గారి ఇంట్లో ఉండేది. ఎండాకాలం సెలవుల్లో నేనూ మా అప్పా (అంటే మా అక్క) వాళ్ళ గుమ్మంలో కూర్చుని చూసేవాళ్ళం. లోపలికి రమ్మనేవారు కాదు, అలాగని పొమ్మనేవారూ కాదు. ఓనరమ్మ గారు మేడ మీద వడియాలు తిరగెయ్యడానికి వెళ్తే మాత్రం టీవీ కట్టేసి మరీ వెళ్ళేవారు. ఆవిడ దిగేదాకా ఆ నల్లటి గాజు వంకే చూస్తూ కూర్చునేవాళ్ళం, అందులో మా ఇద్దరి మొహాలే కనబడేవి.

గుర్తున్నంతవరకు చెప్తాను. ఒక కుర్రాడు, చేతిలో విరిగిన కత్తి. ముక్క కత్తితో యుద్ధమేటి అని నాకు అప్పుడే డౌటు. వాడి పక్కన రెక్కలున్న కోతి ఒకటి, మాట్లాడుతుంది, ఇరవై నాలుగ్గంటలూ పళ్ళ కోసం ఏడుస్తుంది. అప్ప దానికి కోతిపిట్ట అని పేరు పెట్టింది. లావుపాటి విలన్, వాడి ఓడంతా ఎముకలే. వీటన్నిటికంటే నాకు భయం వేసింది ఆ నల్లనీళ్ళంటే. నీళ్ళంటున్నాను గానీ రోడ్డు వేసేటప్పుడు డ్రమ్ముల్లో మరిగే తారులా ఉండేది, సముద్రం మధ్యలోంచి చేతుల్లా లేచి ఓడల్నీ మనుషుల్నీ లాక్కుపోయేది. ఆ సంవత్సరం రథసప్తమికి అరసవల్లి వెళ్ళే ముందు నాగావళిలో మునగమంటే నేను కాలు పెట్టనని గట్టు మీదే భీష్మించుకుని కూర్చున్నాను, నాన్న చేతిలో రెండు తగిలాయి కూడా.

అంతా ఇంగ్లీషే. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అప్పది ఎనిమిదో తరగతి, అదీ తెలుగు మీడియమే, అయినా పక్కన కూర్చుని ఎవడు ఏమన్నాడో గడగడా చెప్పేసేది. పదమూడు నిధులు దొరికితే నల్లనీళ్ళు పోతాయని అదే చెప్పింది.

అసలు సంగతి ఇది. సెలవులు అయిపోయే ముందు నాకు గవదబిళ్ళలు వచ్చాయి. గంజి కూడా మింగుడు పడేది కాదు. వారం రోజులు గదిలోంచి కదలనివ్వలేదు, అంటుకుంటుందని అప్పని లోపలికి రానివ్వలేదు. సరిగ్గా ఆ వారంలోనే కథ అయిపోయింది. అప్ప ఒక్కతే చూసొచ్చి, గది గుమ్మంలో నిలబడి నాకు మొత్తం చెప్పింది. చాలా బాగుంది ఆ ముగింపు. అది నా కళ్ళతో చూడాలి. మా గుంటడికి ఇప్పుడు ఏడేళ్ళు, వాడికీ చూపించాలి. పేరు చెప్పి పుణ్యం కట్టుకోండి.

కోట_జంక్షన్ (విజయనగరం)

జానీ క్వెస్ట్ అయ్యుంటుంది అన్నా. ఆగండి, కాదు, అందులో ఉన్నది కుక్క. రెక్కల్లేవు దానికి. సారీ. కానీ టీవీ కట్టేసి వడియాలకి వెళ్ళడం చదివి నవ్వు ఆగలేదు, మా వీధిలో ఒకావిడైతే రిమోట్ కొంగులో ముడేసుకుని వెళ్ళేది.

బొబ్బిలి_కుర్రోడు

నాగావళి అన్నా, దొరికింది. ది పైరేట్స్ ఆఫ్ డార్క్ వాటర్. టామ్ అండ్ జెర్రీని పుట్టించిన హన్నా, బార్బెరాల కంపెనీదే. కుర్రాడి పేరు రెన్, రాజుగారి కొడుకు, కానీ ఆ సంగతి తెలియకుండా పెరుగుతాడు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన ముసలి రాజు చనిపోతూ చెప్తాడు. ముక్క కత్తి ఆ రాజుదే. విలన్ బ్లాత్, ఎముకల ఓడ పేరు మేల్‌స్ట్రమ్, దాని అడుగున ఒక భూతం కూడా ఉంటుంది, ఖైదీల్ని అందులోకి తోస్తారు. కోతి పేరు నిడ్లర్. తమాషా ఏంటంటే షోలో కూడా దాన్ని మంకీ బర్డ్ అనే అంటారు, అంటే మీ అప్ప పెట్టిన కోతిపిట్ట అచ్చంగా అదే. అది ఏడ్చే పండు పేరు మింగా మెలన్. నిజం, నేను కల్పించింది కాదు, మింగా అనే అంటారు. తెలుగోడెవడో ఆ స్టూడియోలో పనిచేశాడని నా అనుమానం.

ఇప్పుడు చేదువార్త. 1991లో ఐదు భాగాల మినీ సిరీస్‌గా మొదలుపెట్టారు, బాగుందని పొడిగించారు, 1993లో ఆపేశారు. మొత్తం 21 ఎపిసోడ్లు. పదమూడు నిధుల్లో దొరికినవి ఎనిమిదే. ఆఖరి ఎపిసోడ్ అనేదే లేదు అన్నా. ఎవరూ తియ్యలేదు.

మనకెందుకు తెలియలేదంటే, టర్నర్ వాళ్ళు 1991లో హన్నా బార్బెరాని కొనేసి ఆ సరుకుతో 1992లో అమెరికాలో కార్టూన్ నెట్‌వర్క్ పెట్టారు. మన దేశానికి 1995 మేలో వచ్చింది, అదీ సగం రోజే, చీకటి పడ్డాక అదే ఛానల్ టీఎన్‌టీ అయిపోయి పాత ఇంగ్లీషు సినిమాలు వేసేది. పగలంతా నింపాలి కదా, అందుకని హిట్టయినవీ పోయినవీ, సగంలో ఆగినవీ అన్నీ కలిపి పోశారు. అక్కడ శనివారం శనివారం వచ్చిన బొమ్మ ఇక్కడ రోజూ వేస్తే నెల తిరక్కుండానే అయిపోతుంది, మర్నాడు మళ్ళీ మొదటి నుంచి. ముసలి రాజు మళ్ళీ ఒడ్డుకి కొట్టుకొస్తాడు. మనం రిపీట్ అనుకున్నాం, అంతేగానీ కథే తెగిపోయిందని ఎవడికి తట్టింది. అక్కడ రెండేళ్ళకే పోయిన బొమ్మ మన బుర్రలో చందమామ సీరియల్ అంత పెద్దదైపోయింది.

మరి మీ అప్ప ఏం చూసినట్టు?

రాజాం_రేజర్

స్వాట్ క్యాట్స్ కూడా ఇదే కేసు. పాత ఇనుము కొట్లో పనిచేసే రెండు పిల్లులు, రాత్రయితే జెట్ విమానం. 1993 నుంచి 1995 వరకు, పాతిక ఎపిసోడ్లు కూడా సరిగ్గా లేవు, కొన్ని సగం తయారయ్యాక ఆపేశారు. మా బ్యాచ్‌లో దాన్ని చూడనోడు లేడు, మా అంపిలి మావయ్య గ్యారేజీలో పాత ఇనుము కుప్ప చూస్తే ఇప్పటికీ కింద రన్‌వే ఉందేమో అనిపిస్తుంది. ఈ మధ్య ఆఫీసులో ఒక అమెరికా క్లయింటుతో మాటల్లో ఆ పేరు ఎత్తితే ఆయన ముఖంలో కదలికే లేదు.

ఇంకో లెక్క చెప్తా. అప్పట్లో అక్కడ పిల్లల బొమ్మలకి 65 అనే అంకె ఉండేది. వారానికి ఐదు రోజులు, పదమూడు వారాలు. టేల్ స్పిన్ 65, సెంచూరియన్స్ 65, హీ మ్యాన్ 130, అంటే రెండు 65లు. అది చేరితే రోజువారీ తిప్పడానికి చాలు. చేరని వాటిని ఎవరూ పట్టించుకునేవారు కాదు. మన కోతిపిట్ట 21 దగ్గరే పోయింది.

గంటస్తంభం_మాస్టారు (విజయనగరం)

బాబూ, మీరంతా కేబుల్ కాలం వాళ్ళు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో హిందీ పండిట్‌గా చేసి రిటైరయ్యాను. 1993లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున్న జంగిల్ బుక్ వచ్చేది. అది జపాన్ వాళ్ళు తీసిందని, అక్కడ 1989లో మొదలై 52 భాగాలు వచ్చిందని మా అబ్బాయి చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు. హిందీలో పాట గుల్జార్ రాశారు, అందులో చడ్డీ వేసుకుని పువ్వు పూసింది అని వస్తుంది. అప్పటిదాకా నా క్లాసంటే పిల్లలకి నిద్ర టైము. ఒక సోమవారం వెనక బెంచీ వాడు లేచి, మాస్టారూ పువ్వుకి చడ్డీ ఏటండీ అని అడిగాడు. క్లాసంతా గొల్లుమంది. నా సర్వీసులో హిందీ మీద నన్ను అడిగిన మొదటి స్వచ్ఛందమైన సందేహం అది! ఆ వారం ఆ పాట బోర్డు మీద రాసి క్రియా పదాలు చెప్పాను, సిలబస్ పక్కన పెట్టి.

మా యాంటెన్నా మీద ఒక కాకి వాలేది. సరిగ్గా షేర్ ఖాన్ వచ్చేటప్పటికే వాలేది. దాన్ని తోలడానికి చిన్నవాణ్ణి గెడకర్రతో పెరట్లో నిలబెట్టేవాళ్ళం, పాపం వాడు కార్టూన్ మొత్తం చెవులతోనే చూశాడు. దానికి తోడు కథ మంచి పట్టులో ఉండగా ఆపేసి ఇంకేదో వేసేవారు. ఏడ్చేవారు పిల్లలు.

బొబ్బిలి_కుర్రోడు

మాస్టారూ నమస్కారం. మధ్యలో ఆపడం అంటే హంగేరీ వాళ్ళది వినాలి. 1993 డిసెంబర్ 12, ఆదివారం, అక్కడి పిల్లలంతా డక్ టేల్స్ చూస్తుంటే తెర ఆగిపోయి విషాద సంగీతం మొదలైందట. ప్రధాని యోజెఫ్ అంటాల్ చనిపోయారని వార్త. ఆ రోజు టీవీ ముందున్న పిల్లలందరికీ చావు అనే మాట, డక్ టేల్స్ ఒకేచోట అతుక్కుపోయాయి, ఇప్పటికీ వాళ్ళని అక్కడ డక్ టేల్స్ తరం అనే పిలుస్తారు. మీ కాకి చాలా నయం.

ఖుషీ_బ్యాచ్ (పలాస)

నేను మీ అందరికంటే చిన్న. 2009లో ఖుషీ టీవీ వచ్చాక మాకు అన్నీ తెలుగులోనే. పక్కన కూర్చుని అర్థం చెప్పేవాళ్ళు అక్కర్లేకపోయింది. ఈ దారం చదివాక అది లాభమో నష్టమో తెలియట్లేదు. నాగావళి అన్నా, అక్కకి ఫోన్ చేశారా లేదా, ముందు అది చెప్పండి.

నాగావళి_గట్టు

బొబ్బిలి తమ్ముడూ, వెయ్యి దండాలు. పేరు వెతికి మొదటి ఎపిసోడ్ చూశాను, ఆ నల్లనీళ్ళు లేచినప్పుడు ఇప్పటికీ అరికాళ్ళు చల్లబడ్డాయి. ఆఖరి ఎపిసోడ్ లేదన్న మాట మాత్రం నమ్మబుద్ధి కాలేదు. 2010లో వచ్చిన డీవీడీ సెట్టు వివరాలు కూడా చూశాను, 21 దగ్గర ఆగిపోతుంది.

నిన్న అప్పకి ఫోన్ చేశాను. చీపురుపల్లిలో ఉంటుంది. పనిలో ఉన్నట్టుంది, వెనక మిక్సీ మోగుతోంది. ఒప్పుకుంటుందనుకున్నాను. కోతిపిట్ట అనగానే గుర్తుపట్టింది. అప్పా, అది మొత్తం ఇరవయ్యొక్కటే అంట, ఎనిమిది నిధులే దొరికాయంట, నువ్వు నాకు చెప్పింది ఏటి అన్నాను. మిక్సీ ఆపింది. "అమెరికావోళ్ళకి ఎనిమిది దొరికుంటాయి. ఓనరమ్మ గారింట్లో పదమూడు దొరికాయి. గుమ్మంలో కూకుని చూసింది నేను కాదేటి?" అంది. నేను డీవీడీ సంగతి చెప్పబోతే, సీడీలోళ్ళు కోసేసుంటారు అని తేల్చేసింది. ఇప్పటికీ ఒప్పుకోవట్లేదు.

కోట_జంక్షన్

ఏమా నమ్మకం! అయితే అక్క చెప్పిన ముగింపే మాకు ఫైనల్. ఇక్కడ రాసెయ్యండి, లేకపోతే ఎవరికీ నిద్ర పట్టదు.

నాగావళి_గట్టు

గుర్తున్నది గుర్తున్నట్టు రాస్తున్నాను. పన్నెండు నిధులు దొరికాక ఓడ ఆగిపోతుంది, పదమూడోది ఎక్కడా లేదు. దిక్సూచి గిర్రున తిరిగి తిరిగి ఓడలోకే చూపిస్తుంది. అందరూ సామాన్లు దులుపుతారు, విలన్ వెనకే వచ్చేస్తున్నాడు, నల్లనీళ్ళు ఓడ అంచు దాకా వచ్చేశాయి. అప్పుడు కోతిపిట్టకి ఎక్కిళ్ళు మొదలవుతాయి. అది మొదటి రోజునే పండుతో పాటు పదమూడో నిధిని మింగేసింది! ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని తిరుగుతోంది. గొంతు వాచిపోయి అది బయటికి రావట్లేదు, కుర్రాడు వీపు మీద చరిచి, గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించమంటాడు. కోతిపిట్ట మొండికేస్తుంది. అందరూ బతిమాలతారు. చివరికి పుక్కిలిస్తుంది, నిధి టంగుమని చెక్క మీద పడుతుంది, నల్లనీళ్ళన్నీ ముడుచుకుని ముడుచుకుని ఒక సిరాబుడ్డిలోకి దూరిపోతాయి, కుర్రాడు బిరడా పెట్టేస్తాడు.

ఇది టైప్ చేస్తుంటే ఇప్పుడు గుర్తొస్తోంది, ఆ వారం అమ్మ చెంబుతో తెచ్చిన ఉప్పునీళ్ళు నేను పుక్కిలించనని కిటికీలోంచి పారబోసేవాణ్ణి.

బొబ్బిలి_కుర్రోడు

మింగేసిందా!! మింగా పండుతో సహా! హన్నా బార్బెరా వాళ్ళకి ఇది తట్టలేదు చూడు.

గంటస్తంభం_మాస్టారు

ఎనిమిదో తరగతి పిల్ల కట్టిన కథ ఇది? మా స్కూల్లో ఉంటే వ్యాసరచనకి పంపేవాణ్ణి.

నాగావళి_గట్టు

మాస్టారూ, కట్టింది అనకండి, ఆవిడ చదివితే నాకు మూడినట్టే. ఆదివారం మా గుంటణ్ణి తీసుకుని చీపురుపల్లి వెళ్తున్నాం. వాడు ఆరో ఎపిసోడ్ దాకా చూసేశాడు, ఎనిమిదో నిధి దొరికాక ఏం చేస్తారని ఇప్పుడే అడుగుతున్నాడు. అత్త చూసింది, అత్తనే అడుగు అన్నాను.

కోట_జంక్షన్

ఆ సిరాబుడ్డి ఎక్కడ పెట్టారో కూడా అడగమనండి. బిరడా గట్టిగా ఉందో లేదో.