షియర్ వాల్ పుష్‌ఓవర్: ఇంటిగ్రేషన్ పాయింట్లు మారిస్తే కర్వ్ ఎందుకు మారుతోంది?

గోడలెక్క
ఓపెన్‌సీస్‌లో (నిర్మాణ విశ్లేషణ సాఫ్ట్‌వేర్) 10 అంతస్తుల షియర్ వాల్‌కి (భూకంపం లాంటి పక్క బలాలను మోసే గోడ) పుష్‌ఓవర్, అంటే పక్కకి తోస్తూ పోయి బలం చూసే విశ్లేషణ, చేస్తున్నాను. పొడవు 3000, మందం 200 మి.మీ., ఎం30 కాంక్రీట్, ఎఫ్‌ఈ500డి కడ్డీ. అంతస్తుకో ఫోర్స్ బేస్డ్ ఎలిమెంట్ (3 మీ. ఎత్తు), ఫైబర్ సెక్షన్ (అడ్డకోతను చిన్న ముక్కలుగా విడగొట్టింది), కాంక్రీట్02, స్టీల్02 మెటీరియల్స్. 3 ఇంటిగ్రేషన్ పాయింట్లతో (ఎలిమెంట్ పొడవునా సెక్షన్‌ని లెక్కించే చోట్లు) బలం-కదలిక కర్వ్ బాగానే ఉంది. 5 పెడితే బలం చాలా ముందే పడిపోతోంది, 7కి ఇంకా ముందు. పాయింట్లు పెంచితే జవాబు ఒకచోట నిలబడాలి కదా? క్రషింగ్ స్ట్రెయిన్ (కాంక్రీట్ నలిగిపోయే స్ట్రెయిన్) అన్నిట్లోనూ 0.006. షియర్ విడిగా ఏమీ ఇవ్వలేదు.

ఫైబర్_సెక్షన్
గోడ అంచున కాంక్రీట్ నలగడం మొదలవగానే వంపు అంతా అడుగు పాయింట్‌లోనే పోగవుతుంది, పైవి అన్‌లోడ్ అవుతాయి. ఆ పాయింట్‌కి ఎంత పొడవు వస్తుందన్నదే అసలు సంగతి. గాస్-లొబాటో ఇంటిగ్రేషన్ పద్ధతిలో 3 పాయింట్లకు చివరి పొడవు ఎలిమెంట్‌లో ఆరో వంతు, అంటే 500 మి.మీ. 5 పాయింట్లకు ఇరవయ్యో వంతు, 150 మి.మీ. స్ట్రెయిన్ అదే, పొడవు తగ్గింది. అందుకే తక్కువ డ్రిఫ్ట్‌కే (పక్క కదలికకే) పడిపోతోంది. యాక్సియల్ లోడ్ తక్కువగా ఉండి, కడ్డీ హార్డెనింగే నడిపించే గోడలో ఈ గొడవ పెద్దగా కనిపించదు.

స్ట్రెయిన్ కాదు, క్రషింగ్ ఎనర్జీ (నలగడానికి పట్టే శక్తి) స్థిరంగా ఉంచాలి. ఎం30లో 30 అంటే క్యూబ్ బలం కనుక సిలిండర్ బలం 0.8 × 30 = 24 ఎంపీఏ. అన్‌కన్ఫైన్డ్ (చుట్టు కడ్డీలు బిగించని) కాంక్రీట్‌కి ఎనర్జీ దానికి 2 రెట్లు, 48 న్యూటన్/మి.మీ. బలం 20 శాతానికి దిగే చోటు స్ట్రెయిన్:

5 పాయింట్లు: 48 ÷ (0.6 × 24 × 150) − 0.0008 + 0.002 = 0.0234
3 పాయింట్లు: 48 ÷ (0.6 × 24 × 500) − 0.0008 + 0.002 = 0.0079

0.002 అంటే పీక్ స్ట్రెయిన్ (బలం గరిష్ఠమయ్యే చోటు), 0.0008 అంటే 0.8 × 24 ÷ 24000. కాంక్రీట్02 తొలి వాలుని తానే 2 × 24 ÷ 0.002 అని తీసుకుంటుంది, కోడ్ సూత్రం ఇచ్చే విలువ దానికి పట్టదు. మీ 0.006తో 5 పాయింట్ల మోడల్‌లో ఎనర్జీ 10 దగ్గరే ఆగింది, 3 పాయింట్లలో 35. బాగుందనుకున్న కర్వ్ కూడా తక్కువే చూపిస్తోందన్నమాట.

గోడలెక్క
అర్థమైందండీ. బౌండరీ ఎలిమెంట్‌కీ (గోడ చివర్లో దట్టంగా కడ్డీలుండే భాగం), కడ్డీకీ?

ఫైబర్_సెక్షన్
హూప్స్ (చుట్టు కడ్డీలు) సరిగా ఉన్న బౌండరీకి 48 బదులు 1.7 రెట్లు, 81.6 పెట్టండి, బలం, పీక్ స్ట్రెయిన్ కన్ఫైన్డ్‌వి. 5 పాయింట్లకు కడ్డీలో ఈల్డ్ తర్వాతి స్ట్రెయిన్‌ని 200 ÷ 150తో పెంచాలి, 200 మి.మీ. గేజ్ పొడవు కాబట్టి. 0.05 దగ్గర తెగుతుందనుకుంటే 0.066 అవుతుంది, హార్డెనింగ్ వాలు ఆ మేరకు తగ్గించండి. తెగడానికి మిన్‌మ్యాక్స్ (స్ట్రెయిన్ హద్దు దాటితే తెగినట్టు చూపే మెటీరియల్) చుట్టండి, స్టీల్02 తనంతట తాను తెగదు.

కోత_బలం
షియర్ ఇవ్వలేదన్నారు. ఒట్టి ఫైబర్ సెక్షన్‌లో షియర్ (కోత) వల్ల వచ్చే కదలిక సున్నా, గోడ అసలుకన్నా గట్టిగా వస్తుంది. సెక్షన్ అగ్రిగేటర్‌తో ఎలాస్టిక్ షియర్ కలపండి: 0.1 × జి × 5/6 × విస్తీర్ణం. జి (షియర్ మాడ్యులస్) సుమారు 10000 ఎంపీఏ అనుకుంటే 0.1 × 10000 × 500000 = 5 × 10⁸ న్యూటన్లు. ఇక్కడ స్ట్రెస్ కాదు, ఫోర్స్ ఇస్తున్నామని గుర్తుంచుకోండి. మీ గోడ ఎత్తు పొడవుకి 10 రెట్లు కనుక ఇది చాలు. 2 రెట్ల లోపు పొట్టి గోడైతే ఈ పద్ధతి వదిలేసి, షియర్-ఫ్లెక్షర్ (కోత, వంపు) కలిసి నడిచే ఎస్ఎఫ్ఐ-ఎంవీఎల్ఈఎం అనే ఎలిమెంట్ వాడాలి.

ఇంకోటి: గ్రావిటీ తర్వాత లోడ్‌కాన్స్ట్ (ఉన్న లోడ్‌ని స్థిరపరిచే కమాండ్) ఉందా? లేకపోతే పుష్‌ఓవర్‌తో పాటు యాక్సియల్ లోడ్ కూడా మారిపోతూ ఉంటుంది, ఎర్రర్ రాదు.

సన్నగోడ
పై లెక్కలన్నీ సరే, కానీ ఈ మోడల్ గోడ పక్కకి వంగడాన్ని చూడలేదు. 2010 చిలీ భూకంపంలో 150–200 మి.మీ. గోడలు చాలాచోట్ల కింది అంతస్తుల్లో పొట్టి పట్టీలా నలిగి, కడ్డీలు బకిల్ అయ్యాయి. కొన్ని పక్కకి ఒరిగాయి. మీది 200. బౌండరీ మందం, హూప్స్ మధ్య దూరం చేతిలెక్కతో విడిగా చూసుకోండి. దానికి ముందు ఇదే సెట్టింగ్స్‌తో ఆర్‌డబ్ల్యూ2 టెస్ట్ గోడ (ఎత్తు 3660 × పొడవు 1220 × మందం 102 మి.మీ.) నడిపి, 3, 5, 7 పాయింట్లకు కర్వులు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయో లేదో చూడండి.