ఎలక్ట్రిక్ జాకీ కొందామనుకుంటున్నా: 3 టన్నులదా, 5 టన్నులదా?

ఒంగోలు_అమ్మాయి:
అందరికీ నమస్తే. మా నాన్నగారు ఒంగోలు నుంచి హైదరాబాద్‌కి అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీదుగా బ్రెజాలో తరచూ ఒక్కరే వస్తుంటారు. ఆయనకి నడుం నొప్పి, పంచర్ అయితే కారుతో వచ్చిన జాకీ పెట్టుకుని రోడ్డు పక్కన వంగి ఆ రాడ్ తిప్పడం ఆయన వల్ల కాదు. ఆన్‌లైన్‌లో 12 వోల్టుల ఎలక్ట్రిక్ జాకీలు చూశాను, సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టి బటన్ నొక్కితే కారు లేస్తుందట. 3 టన్నులవీ ఉన్నాయి, 5 టన్నులవీ ఉన్నాయి. 5 టన్నులదే సేఫ్ కదా? వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్.

టైర్ల_షాపు:
టన్నుల గొడవ వదిలేయమ్మా. బ్రెజా ఖాళీ బరువు టన్నుంబావుకి అటూ ఇటూ, అందులోనూ జాకీ ఎత్తేది ఒక మూలనే. 3 టన్నులది బోలెడు. నువ్వు చూడాల్సింది ఎత్తు. బాక్స్ మీద రెండు నంబర్లుంటాయి, పూర్తిగా దించినప్పుడు ఎంత, పూర్తిగా లేపితే ఎంత అని. టైర్లో గాలి మొత్తం పోయాక కారు ఆ పక్కకి కుంగిపోతుంది కదా, అప్పుడు కూడా జాకీ కిందకి దూరాలి. ఇంట్లో ఉన్నప్పుడే జాకీ పాయింట్ నుంచి నేలకి టేపుతో కొలిచి, ఒక పది సెంటీమీటర్లు తీసేసి చూసుకో. పై ఎత్తు కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే పంచరైన టైరు ఊడదీయడానికి సరిపోయిన ఎత్తు, గాలి నిండా ఉన్న స్టెప్నీ ఎక్కించడానికి చాలదు, ఇంకొంచెం లేపాలి.

పాయింట్ ఎక్కడంటే ముందు చక్రానికి కాస్త వెనక, వెనక చక్రానికి కాస్త ముందు, డోర్ల కింద రేకు అంచులో చిన్న గాట్లు కనిపిస్తాయి. జాకీ తల మీద గాడి ఉంటుంది, ఆ అంచు అందులో కూర్చోవాలి. తల బల్లపరుపుగా ఉండి గాడి లేని జాకీ అయితే కొనకు.

పాత_బోలెరో:
నన్నడిగితే దండగ. జాకీ తిప్పడం ఏం కష్టం, అసలు కష్టం నట్లు విప్పడం. షాపుల్లో గన్నుతో బిగించేసి పంపిస్తారు, ఆ కారుతో ఇచ్చే చిన్న పానాకి ఒక్కోసారి కుర్రాళ్లకే కదలవు, నడుం నొప్పి ఉన్న పెద్దాయన ఏం చేస్తారు? ఆ డబ్బుతో పొడుగు హ్యాండిల్ ఉన్న పానా కొనండి. నేషనల్ హైవే మీద అయితే 1033 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే పెట్రోలింగ్ వాళ్లొస్తారు.

హైవే_నాని:
బోలెరో అన్నా, పానా మాట నిజమే, మిగతాది ఒప్పుకోను. రాత్రిపూట ఒక్కరే ఉంటే పెట్రోలింగ్ వాళ్లు వచ్చేదాకా కూర్చోవడం కూడా టెన్షనే.

అక్కా, కొనేముందు కారులో సాకెట్ మూత మీద ఏం రాసుందో చూడండి. చాలా కార్లలో 120 వాట్లు అని ఉంటుంది, అంటే 10 ఆంపియర్లు. ఈ జాకీలు బరువు పడ్డప్పుడు అంతకన్నా ఎక్కువే లాగుతాయి, ఫ్యూజు కొట్టేస్తుంది, రోడ్డు మీద ఫ్యూజు వెతుక్కోవాలి. అందుకే నేరుగా బ్యాటరీకి తగిలించే క్లిప్పులు కూడా ఇచ్చేది తీసుకోండి, వైరు వెనక చక్రం దాకా అందాలి. కరెంటు పనిచేయకపోతే చేత్తో తిప్పే వీలు కూడా ఉండాలి, ఉన్నా ఆ హ్యాండిల్ బాక్సులో ఉందో లేదో చూసుకోండి. ఇంజిన్ ఆన్‌లో పెట్టమని కొందరంటారు. నేనైతే ఆపేస్తా. ఆ రెండు మూడు నిమిషాలకి మంచి బ్యాటరీ ఏమీ దిగిపోదు.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు. బ్రెజాకి ఇంజిన్ పవర్ ముందు చక్రాలకే వెళ్తుంది. ముందు చక్రం ఒకటి గాల్లోకి లేపితే గేర్‌లో ఉన్నా కారు ఆగదు, లేచిన చక్రం ఉత్తినే తిరుగుతుంది, కారుని పట్టుకునేది వెనక హ్యాండ్ బ్రేక్ ఒక్కటే. అందుకని లేపే చక్రానికి ఎదురుమూలన ఉన్న చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టాల్సిందే. వాలు రోడ్డు మీద అసలు లేపకండి, రిమ్ము పాడైనా సరే కొంచెం ముందుకి నడిపి చదునుగా ఉన్నచోట ఆపండి.

టైర్ల_షాపు:
నాని చెప్పింది కరెక్ట్. మట్టిలో ఆగితే జాకీ కింద మందపాటి చెక్క పెట్టాలి, లేకపోతే కారు లేవడం బదులు జాకీ నేలలోకి దిగుతుంది. నట్లు నేల మీద ఉండగానే ఒక చుట్టు వదులు చేసి తర్వాత లేపాలి, పూర్తిగా బిగించేది మళ్లీ కిందకి దించాకే. బటన్ నొక్కుతున్నంతసేపూ కళ్లు జాకీ మీదే ఉండాలి, ఒరుగుతున్నట్టు అనిపిస్తే వెంటనే దించేయాలి. కారు కింద చెయ్యి, కాలు ఏదీ పెట్టొద్దు. ఏదైనా దొర్లి కిందకి పోతే కర్రతో లాగమను.

ఒంగోలు_అమ్మాయి:
థాంక్యూ బాబాయ్, నాని గారూ. మా కారులో సాకెట్ మీద 120 వాట్లనే ఉంది. కొన్ని సెట్లలో నట్లు విప్పే చిన్న గన్ను కూడా ఇస్తున్నారు, దాంతో బోలెరో గారి పాయింట్ కూడా తీరుతుందా?

పాత_బోలెరో:
విప్పడానికి వాడుకోండి. బిగించేటప్పుడు మాత్రం పానాతో చేత్తోనే, వరసగా కాకుండా ఒకటి బిగించాక ఎదురుది. ఓ 50 కిలోమీటర్లు పోయాక ఆగి మళ్లీ ఒకసారి చూసుకోమనండి.