జపనీస్ రాక్ అర్థం కాకపోయినా ఎందుకింత ఎక్కేస్తుంది?

ప్రశ్న: నరుటో అనే జపనీస్ యానిమేషన్ సిరీస్ చూసినప్పట్నుంచి ఏషియన్ కుంగ్‌ఫూ జనరేషన్ బ్యాండ్ వాళ్ల 'హరుకా కనాటా' వదల్లేకపోతున్నా, ఒక్క ముక్క అర్థం కాదు, అయినా మొదట్లో ఆ బేస్ గిటార్ పడగానే ఒళ్లు జలదరిస్తుంది. మీక్కూడా అంతేనా? ఇలాంటివి ఇంకేమున్నాయి?

రిప్లై 1: మన తెలుగులాగే వాళ్ల మాటలు కూడా ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కదా, సాగదీసి పాడటానికి భలే కుదురుతుంది, అందుకే అర్థం తెలీకపోయినా మనం కూడా కలిసి పాడేస్తాం అనుకుంటా.

రిప్లై 2: బంప్ ఆఫ్ చికెన్ బ్యాండ్ 'టెంటై కన్సోకు' విను బ్రో, 2001 పాట. తెల్లవారుజామున రెండింటికి టెలిస్కోప్ మోసుకుని రైల్వే గేటు దగ్గరికి వెళ్లడంతో మొదలవుద్ది. అర్థం తెలిశాక మళ్లీ వింటే నాకు గొంతు పట్టేసింది.

రిప్లై 3: ఎక్స్ జపాన్ బ్యాండ్ 'ఎండ్‌లెస్ రెయిన్' మర్చిపోవద్దు, 1989ది. డ్రమ్స్ అంత కసిగా వాయించే యోషికి ఇందులో పియానో ఎంత మెత్తగా వాయిస్తాడో, హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వినండి.