నాన్నగారు లేని మొదటి క్రిస్మస్‌కు టెక్కలి చేరడం ఎలా?

ప్రశ్న:
టెక్కలిలో అమ్మ ఒక్కతే ఉంటోంది. ఈసారి ఇంటి ముందు నక్షత్రం కట్టవద్దని ఆమె ఫోన్‌లో అన్నప్పటి నుంచి నా మనసు నిలవడం లేదు. డిసెంబరు 23న సికింద్రాబాదులో బయలుదేరదామంటే విశాఖ, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లు రెండింటిలోనూ వెయిటింగ్ లిస్టే కనిపిస్తోంది. సంక్రాంతికి వెళ్లమంటారా?

జవాబు 1:
అంతవరకు ఆగవద్దండీ. రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతుంది కనుక ఇప్పుడు మిగిలింది తత్కాల్ ఒక్కటే. 22న ఉదయం ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు ప్రయత్నించండి. శ్రీకాకుళం రోడ్‌కు దొరకకపోతే విశాఖపట్నం వరకు తీసుకోండి. అక్కడికి రైళ్లు ఎక్కువ, ఆపైన 16వ నంబరు జాతీయ రహదారి మీద బస్సులో వెళ్లవచ్చు.

జవాబు 2:
మా అమ్మగారూ అలాగే వద్దన్నారు. నేను 24వ తేదీ రాత్రి విజయనగరం చేరేసరికి, క్యారల్స్ పాడేవారు చీకటి చూసి మా గుమ్మం దాటిపోతారేమోనని వరండాలో దీపం వేసి కూర్చున్నారు. నక్షత్రం నేను కట్టాను, తాడు ఆమె పట్టుకున్నారు. మీరు వెళ్లి తీరాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. విశాఖపట్నం వరకైనా టికెట్ తీసుకుంటాను. నాన్నగారు కట్టిన పాత నక్షత్రం అటక మీదే ఉండాలి.