ఆగస్టు 29 సమస్య: గిడుగు హాకీని నాడెను గెలుపు కొఱకు

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. గిడుగు రామమూర్తి గారు 1863లో, ధ్యాన్‌చంద్ 1905లో ఇదే ఆగస్టు 29న పుట్టారు. ఒకరి పేర తెలుగు భాషా దినోత్సవం, ఒకరి పేర జాతీయ క్రీడా దినోత్సవం. ఆ రోజు మన ఊళ్లో రవీంద్రభారతికి వెళ్లాలో ఎల్బీ స్టేడియానికి వెళ్లాలో తేల్చుకోలేను. నిన్న బస్సులో ఈ పాదం తట్టింది, ఇక వదల్లేదు.

గిడుగు హాకీని నాడెను గెలుపు కొఱకు

ఇదే చివరి పాదంగా తేటగీతి పద్యం పూరించండి. అదే తేదీకి చెందిన ఏ విశేషాన్నైనా తీసుకోండి. నాగార్జున పుట్టినరోజు కూడా అదే అని ఎవరైనా గుర్తు చేసేలోపే చెబుతున్నాను: తెలుసు, 1959. తీసుకోవచ్చు.

మలక్‌పేట తాతయ్య:
తెలుగు దినమున బడిలోన వెలుగు వేళ
పంచె తలపాగ మీసమునుంచి నిలిచి
మాపు పోటీకి నట్లె మా మనుమడుఱికె
గిడుగు హాకీని నాడెను గెలుపు కొఱకు

నిర్వాహకుడు:
వేషం విప్పకుండా మైదానంలోకి దూకిన పిల్లాడు! సమస్య అక్కడే విడిపోయింది. మొదటి బోణీ బాగుంది తాతయ్య గారూ.

బర్కత్‌పుర పంతులు:
‘మీసమునుంచి’ దగ్గర ‘పంచె’కు ‘నుంచి’ జత కలిసి ప్రాసయతి హాయిగా కుదిరింది. ‘వెలుగు వేళ’ మాత్రం యతి కోసం పిలిస్తే వచ్చిన చుట్టం. పొద్దున అని చెప్పడానికి ఇంకో దారి చూడండి.

కూకట్‌పల్లి కలం:
వాడుకను బంతి చేసెను వాదమందు
గ్రాంథికపు కోట గోడలు గడగడమన
పలుకుబడి కఱ్ఱ పట్టుక బడుల దూరి
గిడుగు హాకీని నాడెను గెలుపు కొఱకు

సైదాబాదు శారద:
కలం గారూ, ‘పలుకుబడి కఱ్ఱ’ అద్భుతం. ‘బడుల దూరి’ ఇంకా నచ్చింది. వాడుక భాష గొడవ మొదలైందే బడి చదువుల దగ్గర కదా. స్కూళ్ల ఇన్‌స్పెక్టరు యేట్స్, గురజాడ, కాలేజీ ప్రిన్సిపాలు శ్రీనివాస అయ్యంగారు, గిడుగు ఒక్క జట్టుగా నిలబడింది పిల్లల పుస్తకాల కోసమే. సవర గిరిజనుల పిల్లల కోసం వాళ్ల భాష నేర్చుకుని, ఆ భాషలోనే చదువు చెప్పించిన మనిషికి ‘బడుల దూరి’ అన్న మాట సరిగ్గా సరిపోతుంది.

బర్కత్‌పుర పంతులు:
ఊహ బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ‘పట్టుక’ ఏమిటి? ‘పట్టుకొని’ అనాలి. పద్యంలో ఇలాంటివి దొర్లితే ఊరుకోలేను.

కూకట్‌పల్లి కలం:
పంతులు గారూ, గిడుగు వారి పుట్టినరోజున వాడుక మాటను పట్టుకున్నారా? ఇంట్లో, బజార్లో అందరం ‘పట్టుక’ అనే అంటాం. ఆయన జీవితమంతా అడిగింది దానికోసమే.

బర్కత్‌పుర పంతులు:
ఆయన గ్రాంథికం రాక వాడుక వైపు వెళ్లలేదండీ. గ్రాంథికవాదులు రాసిన గ్రాంథికంలోనే తప్పులు ఏరి చూపించిన పండితుడు. వచనం వాడుకలో రాయండి, మొదట చదివేది నేనే. ఛందస్సులోకి దిగాక పద్ధతి పాటించాలి. ఇలా మార్చండి:

పలుకుబడి కఱ్ఱఁ జేపట్టి బడుల దూరి

గణం చెక్కుచెదరలేదు, యతి కూడా అలాగే ఉంది.

నిర్వాహకుడు:
‘చేపట్టి’ బాగుంది. ఉద్యమం చేపట్టడం కూడా ధ్వనిస్తోంది. కలం గారు ఒప్పుకుంటే అదే ఉంచుదాం.

కూకట్‌పల్లి కలం:
ధ్వని మాట నిజం. ఉంచండి.

ఉప్పల్ ఇంజనీరు:
నాది కాస్త పక్కదారి. 1831లో ఇదే ఆగస్టు 29న ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనిపెట్టారు. ఆ ప్రయోగం లేకపోతే మన ఇళ్లకు కరెంటు లేదు.

ఇనుప వలయాన రెండు తీగలను చుట్టి
ఫారడే కంట విద్యుత్తు పరుగు చూచె
తాకకయె తీగ కదలించు తరగ వోలె
గిడుగు హాకీని నాడెను గెలుపు కొఱకు

బర్కత్‌పుర పంతులు:
మొదటి పాదంలో యతి లేదు. పాదం మొదటి అక్షరం ‘ఇ’కి మధ్యలో ‘గ’ ఏం మైత్రి?

కూకట్‌పల్లి కలం:
ఇంజనీరు గారూ, ‘తీగల నెన్నొ చుట్టి’ అనండి, యతి పడుతుంది.

ఉప్పల్ ఇంజనీరు:
పడుతుంది కానీ ప్రయోగం పోతుంది. ఆ వలయానికి రెండే చుట్టలు. ఒక చుట్టకు బ్యాటరీ, రెండోదానికి కరెంటు పసిగట్టే ముల్లు. బ్యాటరీ కలిపిన క్షణంలో, తీసిన క్షణంలో మాత్రమే ముల్లు కదిలింది. మధ్యలో కరెంటు నిలకడగా పారుతున్నంతసేపూ కదల్లేదు. విషయమంతా ఆ రెండు చుట్టల మధ్యే ఉంది. ‘ఎన్నొ’ అంటే చెప్పడానికి ఏమీ మిగలదు.

బర్కత్‌పుర పంతులు:
ఈ పట్టుదల నాకు నచ్చింది. ఇదిగో, రెండు చుట్టలూ ఉంటాయి:

ఇనుప వలయాన తీగల నిటును నటును
చుట్టి ఫారడే విద్యుత్తుఁ జూచినాడు

ఉప్పల్ ఇంజనీరు:
పాదాభివందనం పంతులు గారూ! ‘ఇటును నటును’ అంటే అచ్చంగా ఆ వలయం బొమ్మే.

నిర్వాహకుడు:
సవరణ అమోఘం. మూడో పాదం నుంచి గిడుగు దగ్గరికి రావడం మాత్రం ఇంకా అతకలేదు ఇంజనీరు గారూ. దానిమీద ఇంకోసారి కూర్చోండి.

బర్కత్‌పుర పంతులు:
లెక్కలు చెడకుండా పద్యం చెప్పడమంటే ఇదీ. నవంబరు 1 సమస్యకు కలం గారు ఏం చేశారో అందరికీ గుర్తుండే ఉంటుంది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణ, 1897లో కృష్ణశాస్త్రి గారి జననం, 1974లో మన వి.వి.ఎస్. లక్ష్మణ్ జననం, మూడూ కలిపి చెప్పాల్సిన రోజు. 2001లో కోల్‌కతాలో ఫాలో ఆన్ ఆడుతూ లక్ష్మణ్ కొట్టినవి 281. ఈయన ‘రెండు వందల యెనుబది’ అని ముగించారు. గణం కోసం ఒక పరుగు మింగేశారు!

కూకట్‌పల్లి కలం:
మళ్లీ అదేనా? 281 తేటగీతిలో యతితో సహా ఒదగదని అప్పుడే చెప్పాను. అదే పద్యంలో ద్రావిడ్ 180, ఇద్దరి భాగస్వామ్యం 376 సరిగ్గా పెట్టాను. దాన్ని ఎవరూ తలవరు.

బర్కత్‌పుర పంతులు:
ఆ 376 పాదం బాగుంది, ఇప్పుడు చెబుతున్నాను. కానీ హైదరాబాదు వాడి పరుగును హైదరాబాదు వాళ్లమే తగ్గిస్తే ఎలా?

సైదాబాదు శారద:
ముందు ఈ రోజు సమస్య చూడండి. క్రమాలంకారంలో, వరుస ప్రశ్నలకు వరుస జవాబులుగా, నా ప్రయత్నం:

ఎవరు వాడుక నుడి గెల్వ నెదిరినారు?
ధ్యానచందేమి చేసెను ధాటిగాను?
చెమట సింధేల చిందించె జెప్పవయ్య
గిడుగు; హాకీని నాడెను; గెలుపు కొఱకు

నిర్వాహకుడు:
శారద గారూ! మూడు ప్రశ్నలు, మూడు జవాబులు, మూడూ ఆగస్టు 29వే. సింధు ఖేల్‌రత్న అందుకున్నది 2016 ఆగస్టు 29నే కదా.

శారద:
అవునండీ. సానియా అందుకున్నది అంతకు ముందటి ఏడాది అదే తేదీన. ఆమెకు పాదంలో చోటు దొరకలేదని బాధగా ఉంది.

కూకట్‌పల్లి కలం:
ఒక్క సందేహం. 2016 రియో ఫైనల్‌లో సింధు మారిన్ చేతిలో ఓడింది. తెచ్చింది రజతం. ‘గెలుపు కొఱకు’ అనొచ్చా?

శారద:
గెలిచె అనలేదు కలం గారూ. గెలుపు కొఱకు చెమటోడ్చింది అన్నాను. ఓడిన ఆటలోనూ చెమట గెలుపు కోసమే. శంషాబాద్ నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఆమెను బస్సు మీద ఊరేగించినప్పుడు జనం పూలు చల్లింది ఆ చెమటకే.

బర్కత్‌పుర పంతులు:
శారదమ్మా, ఇందులో వేలు పెట్టడానికి చోటు లేదు. ‘చిందించెన్’ తరువాత ‘జెప్ప’ అని సరళం చేసిన తీరు కూడా చూశాను. ఈసారి మేటి పూరణ ఇదే.

కూకట్‌పల్లి కలం:
నా ఓటూ దానికే.

మలక్‌పేట తాతయ్య:
మీ ఇద్దరూ ఒక మాట మీదికి రావడం చూశాను, చాలు. ఆ 281 సంగతి కూడా తేల్చేద్దాం. యతితో సహా ఒదిగింది, చూసుకోండి:

ఇరువదెనిమిది పదులపై నింకొకటియు

కూకట్‌పల్లి కలం:
తాతయ్య గారూ, నవంబరు 1 పద్యంలో ఈ పాదం పెట్టేస్తున్నాను. పేరు మీదే వేస్తాను.